పెరటి కూరగాయలలో పరపరాగ సంపర్కం: పేర్ల చుట్టరికం, విత్తనాల చుట్టరికం

వ్యాససంగ్రహం:

పెరటిలో దగ్గరి పోలికలున్న కూరగాయలను పక్కపక్కన నాటితే ఒకదాని గుణం మరొకదానికి వస్తుందన్న నమ్మకం తెలుగు ప్రాంతాలలో విస్తారంగా ఉంది. ఈ నమ్మకంలో కొంత నిజం, కొంత పొరపాటు కలగలిసి ఉన్నాయి. పరాయి పుప్పొడి ప్రభావం ఈ ఏటి కాయ మీద కాక, ఆ కాయలోని విత్తనం మీద పడుతుంది. ఏ మొక్క ఏ మొక్కతో కలుస్తుందన్నది వాటి పేర్లను బట్టి కాక, జాతిని బట్టి నిర్ణయమవుతుంది. దోస, గుమ్మడి, బీర, పొట్ల, సొర, మిరప, వంగ మొదలైన కూరగాయల తెలుగు పేర్లను ఆధారం చేసుకొని ఈ రెండు విషయాలను వివరించడం, ఇంటి విత్తనాన్ని నిలుపుకొనే పద్ధతులను సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: పరపరాగ సంపర్కం, పుప్పొడి, పెరటి తోట, దోస, దేశవాళీ విత్తనం, కూరగాయల పేర్లు.

1. ఉపోద్ఘాతం:

"విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?" అన్న సామెత తెలుగువారందరికీ తెలిసినదే. అయితే పెరటిలో విత్తనం దాచి మళ్లీ నాటేవారికి ఈ ప్రశ్నకు "అవును" అన్న సమాధానమే అప్పుడప్పుడు ఎదురవుతుంది. నిరుడు కమ్మగా కాసిన దోసపాదు విత్తనం ఈ ఏడు చేదు కాయలను కాస్తుంది. కారంలేని మిరపకాయ నుంచి తీసిన గింజ కారపు కాయలనిస్తుంది. ఇటువంటి సందర్భాలలో నింద సాధారణంగా పక్క పాదు మీద పడుతుంది. కాకరపాదు పక్కన పొట్లపాదు పెట్టకూడదన్న మాట, "పొట్లపాదుకు పొరుగు గిట్టదు" అన్న సామెత ఇటువంటి అనుభవాలతో పొసగేవే.

ఇటీవల నగరాలలో మిద్దెతోటలు పెరగడంతో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం హెచ్చింది. పల్లె పెరటిలో ఒక పాదుకూ మరొక పాదుకూ మధ్య ఎంతోకొంత ఎడం ఉంటుంది. మిద్దె మీద నాలుగు రకాల మిరప, మూడు రకాల వంగ తొట్లలో ఆనుకొని ఉంటాయి. ఆ తోటల వారు విత్తనాలను ఒకరికొకరు పంచుకుంటున్నారు. పంచుకొన్న విత్తనం చెప్పిన రకమే అవుతుందా అన్నది ఈ వ్యాసంలో మౌలికమైన ప్రశ్న.

2. పుప్పొడి ప్రయాణం:

పాఠ్యపుస్తకాలు 'పరాగం' అంటున్న దానికి తెలుగులో 'పుప్పొడి' అన్న చక్కని మాట ఉంది. కేసరాల నుంచి వెలువడిన పుప్పొడి కీలాగ్రాన్ని చేరడమే పరాగ సంపర్కం. అదే మొక్క పుప్పొడి చేరితే ఆత్మపరాగ సంపర్కం, వేరొక మొక్క పుప్పొడి చేరితే పరపరాగ సంపర్కం.

కూరగాయలన్నీ ఈ విషయంలో ఒక్క తీరుగా ఉండవు. టమాటా, చిక్కుడు ఎక్కువగా తమ పుప్పొడితోనే కాస్తాయి. మిరప, వంగ, బెండ పువ్వులలో కేసరాలు, కీలం రెండూ ఉన్నప్పటికీ తేనెటీగలు, ఇతర కీటకాలు పరాయి పుప్పొడిని కూడా తెచ్చిపెడతాయి. తీగజాతి కూరగాయలలో మగపువ్వు, ఆడపువ్వు వేరువేరుగా ఉండడం సామాన్యం. సొర, గుమ్మడి, బీర, పొట్ల, కాకర తీగలలో రెండు రకాల పువ్వులూ ఒకే తీగకు పూస్తాయి. ఆకాకరలో మగతీగ వేరు, ఆడతీగ వేరు. దోస, ఖర్బూజా రకాలు అనేకం మగపువ్వులతో పాటు రెండు అంగాలూ ఉన్న పువ్వులను పూస్తాయి. ఈ తీగలన్నింటిలోనూ పుప్పొడిని మోసే కీటకం రాకుంటే పిందె నిలవదు. కీటకం మోసుకొచ్చిన పుప్పొడి ఏ పాదుదో మనం చెప్పలేము.

పువ్వు విచ్చే వేళ కూడా గమనించదగినది. గుమ్మడి, దోస, కాకర ఉదయం విచ్చుకుంటాయి. సొర, బీర, పొట్ల సాయంత్రం పూస్తాయి. తెల్లని సొరపువ్వు, పొట్లపువ్వు రాత్రి తిరిగే చిమ్మెటలను ఆకర్షిస్తాయి. బీర, నేతిబీర ఒకే ప్రజాతికి చెందిన రెండు జాతులు. చేత్తో పుప్పొడి అద్దితే వీటి మధ్య సంకరం సాధ్యమే. అయితే బీర సాయంత్రం పూస్తే, నేతిబీర తెల్లవారుజామున పూస్తుంది. ఒకే పందిరి మీద అల్లుకొన్నా ఈ రెండూ చాలావరకు కలవకపోవడానికి ఈ వేళల తేడా ఒక ముఖ్య కారణం.

3. కాయ తల్లిది, విత్తనం ఇద్దరిది:

పక్క పాదు పుప్పొడి పడినంత మాత్రాన ఈ ఏటి కాయ రుచి ఎందుకు మారదో తెలుసుకోవడానికి కాయ నిర్మాణాన్ని పరిశీలించాలి. ఆడపువ్వు అడుగున కనిపించే చిన్న పిందె అండాశయం. దాని గోడ పెరిగి మనం తినే కండ అవుతుంది. ఆ గోడ పూర్తిగా తల్లి మొక్క కణజాలం. పుప్పొడి నుంచి వచ్చిన పురుష బీజం లోపలి అండాలతో మాత్రమే కలుస్తుంది. ఆ అండాలే విత్తనాలవుతాయి. కనుక కాయ రంగు, ఆకారం, రుచి తల్లి మొక్కవి. విత్తనంలోని పిండం మాత్రం తల్లిదండ్రులిద్దరి సంతానం.

మిరప ఇందుకు మంచి ఉదాహరణ. బెంగుళూరు మిర్చి అని పిలిచే కారంలేని లావు మిరప, మన కారపు మిరపలలో అధికభాగం ఒకే జాతికి చెందినవి. ఆ జాతి పేరు కాప్సికం ఆన్యుయమ్. కారానికి మూలమైన కాప్సైసిన్ గింజలలో తయారు కాదు. గింజలు అతుక్కొని ఉండే లోపలి తెల్లని భాగంలో తయారవుతుంది. ఆ భాగం కూడా తల్లి కణజాలమే. కనుక కారపు మిరప పుప్పొడి పడినా ఆ ఏడు బెంగుళూరు మిర్చికి కారం రాదు. ఆ కాయ గింజలను మరుసటి ఏడు నాటితే పరిస్థితి వేరు. కారం ఉండడం బహిర్గత లక్షణం, లేకపోవడం అంతర్గత లక్షణం. అందువల్ల సంకరమైన గింజ నుంచి వచ్చిన మొక్క కారపు కాయలనే కాస్తుంది.

ఈ నియమానికి మొక్కజొన్న మినహాయింపుగా కనిపిస్తుంది. తీపి మొక్కజొన్న పక్కన మామూలు మొక్కజొన్న ఒకేసారి పూస్తే తీపి కంకిలోని గింజలు ఆ ఏడే పిండిగా మారతాయి. ఇది నిజానికి మినహాయింపు కాదు. మొక్కజొన్నలో మనం తినేది కండను కాదు, గింజనే. 1898లో రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు సెర్గీ నవాషిన్ ద్విఫలదీకరణాన్ని గుర్తించాడు. దాని ప్రకారం ఒక పురుష బీజం అండంతో కలిసి పిండాన్ని ఏర్పరిస్తే, రెండవది అంకురచ్ఛదం ఏర్పడడానికి కారణమవుతుంది. మొక్కజొన్న గింజలో అధికభాగం ఈ అంకురచ్ఛదమే కాబట్టి తండ్రి ప్రభావం అదే ఏడు నాలుకకు తెలుస్తుంది.

4. పేరు కలిసినా జాతి కలవనివి:

కూరగాయలకు జనం పెట్టిన పేర్లు ఆకారాన్ని, వాడుకను, వచ్చిన చోటును బట్టి ఏర్పడ్డాయి. పుప్పొడికి ఈ పేర్లతో నిమిత్తం లేదు. ఈ కింది జంటలను పరిశీలించవచ్చు.

దోస – కీర దోస: పప్పులోకి, ఆవకాయలోకి వాడే పసుపు పచ్చని దోస కుకుమిస్ మెలో జాతికి చెందినది. పచ్చిగా తినే కీర దోస కుకుమిస్ సటైవస్. మొదటిదానిలో 24 క్రోమోజోములు, రెండవదానిలో 14 క్రోమోజోములు ఉంటాయి. ఒకే పందిరి మీద ఉన్నా ఈ రెండూ సంకరం కావు.

గుమ్మడి – బూడిద గుమ్మడి: తీపి గుమ్మడి అమెరికా ఖండాల నుంచి వచ్చిన కుకుర్బిటా ప్రజాతి మొక్క. వడియాలకు వాడే బూడిద గుమ్మడి ఆసియాకు చెందిన బెనిన్‌కాసా ప్రజాతి మొక్క. ఇవి కలవవు.

చిక్కుడు – గోరుచిక్కుడు: ఒకే కుటుంబానికి చెందినా ప్రజాతులు వేరు. ఇవి కలవవు.

కాకర – ఆకాకర: ప్రజాతి ఒకటే అయినా జాతులు వేరు. క్రోమోజోముల సంఖ్య కూడా వేరు. పెరటిలో వీటి సంకరం గురించి భయపడనక్కరలేదు.

వంగ – బెంగుళూరు వంకాయ: పేరులో వంకాయ ఉన్నా ఇది వంగ కుటుంబానికి చెందినదే కాదు. సొర, దోసల కుటుంబానికి చెందిన తీగ. బెంగుళూరు మిర్చి నిజంగానే మిరప కాగా, బెంగుళూరు వంకాయ వంకాయ కాకపోవడం పేర్లు ఎంతవరకు ఆధారపడదగినవో తెలుపుతుంది.

ఈ వరుసలోనే కాకర, పొట్లల ప్రస్తావన కూడా వస్తుంది. రెండూ ఒకే కుటుంబానివైనా వేర్వేరు ప్రజాతులు. కాకర పుప్పొడి వల్ల పొట్లకాయ చేదు కావడం గానీ, పొట్ల విత్తనం చెడడం గానీ జరగదు.

5. పేరు వేరైనా కలిసేవి:

పెరటి విత్తనానికి అసలు చిక్కు ఈ రెండవ వర్గం నుంచి వస్తుంది.

దోస, ఖర్బూజా పేర్లలో ఏ పోలికా లేదు. ఒకటి కూర, మరొకటి తీపి పండు. అయినా రెండూ కుకుమిస్ మెలో జాతివే. వీటి మధ్య సంకరం సులభం. చేలగట్ల మీద, మెట్ట పొలాలలో తనంత తానుగా మొలిచే బుడమ కూడా దోసకు అతి సన్నిహితమైనది, దానితో కలవగలిగినది. బుడమకాయ పచ్చిగా ఉన్నప్పుడు చేదుగా ఉంటుంది. దానిని ఒరుగులుగా ఎండబెట్టి వాడుకోవడం తెలుగు పల్లెలలో ఉన్నదే. ఇక్కడ భాషాపరమైన విశేషం ఒకటి ఉంది. దోసతో కలవని పరాయి జాతికి హిందీ 'ఖీరా'ను ముందు చేర్చి 'కీర దోస' అని మనవాళ్లు దోసల వరుసలో చేర్చుకొన్నారు. దోసకు సొంత తోబుట్టువైన పండుకు మాత్రం పారశీకం నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన 'ఖర్బూజా' అన్న పేరే నిలిచింది. పేర్లను నమ్మి విత్తనం కట్టే వ్యక్తి కీర దోసను దూరంగా పెట్టి, ఖర్బూజాను దోస పక్కనే నాటే ప్రమాదం ఉంది.

పొట్లకు సంబంధించిన సామెతను కూడా ఈ దృష్టితో మళ్లీ చూడవచ్చు. కంచెల మీద పాకే చేదుపొట్ల, పెరటి పొట్ల ఒకే జాతికి చెందినవి. ఒకటి అడవి రూపం, మరొకటి సాగు రూపం. ఈ రెండూ సంకరమవుతాయి. పొట్లకు గిట్టని పొరుగు ఏదైనా ఉంటే అది కాకర కాదు, చేదుపొట్ల. సామెత పుట్టుక ఇదేనని చెప్పడానికి ఆధారం లేదు. విత్తనం కట్టేవారికి మాత్రం ఈ అర్థం ఉపయోగపడుతుంది.

సొర, ఆనప అన్నవి ప్రాంతాన్ని బట్టి మారే పేర్లు. మొక్క ఒకటే. పొడుగు కాయ, గుండ్రని కాయ, తంబురాకు, బుర్రలకు వాడే గట్టి కాయ అన్నీ లాజనేరియా సైసెరేరియా జాతివే కాబట్టి స్వేచ్ఛగా కలుస్తాయి. పచ్చబెండ, ఎర్రబెండ కలుస్తాయి. తెల్లవంగ, గుత్తివంగ, పొడుగు వంగ కలుస్తాయి. మిరపలో పరపరాగ సంపర్కం వందకు పది కంటే తక్కువ నుంచి సగం దాకా ఉన్నట్లు వేర్వేరు చోట్ల నమోదైంది. కీటకాల సంఖ్య, మొక్కల మధ్య దూరం, రకాన్ని బట్టి ఇది మారుతుంది.

6. చేదు – ఒక హెచ్చరిక:

దోసకాయను తరిగే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకొని చేదు చూడడం తెలుగు వంటింటి ఆచారం. దీని వెనుక గట్టి కారణం ఉంది. దోస, సొర కుటుంబపు మొక్కలలో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. అడవి రకాలలో ఇవి అధికం. వేల ఏళ్ల ఎంపిక వల్ల సాగు రకాలలో తగ్గాయి. చేదు రకంతో సంకరమైన విత్తనాన్ని నాటితే ఆ చేదు తిరిగి రావచ్చు. ఎండ తీవ్రత, నీటి ఎద్దడి వల్ల కూడా కాయలు చేదెక్కవచ్చు. ఒక పాదు కాయలన్నీ మొదటి నుంచీ చేదుగా ఉంటే విత్తనాన్ని అనుమానించాలి. తక్కిన కాయలు బాగుండి ఎండలు ముదిరాక కాసినవి మాత్రమే చేదుగా ఉంటే నీటి తడిని అనుమానించాలి.

సొర విషయంలో ఈ జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, రక్తస్రావం, రక్తపోటు పడిపోవడం వంటి తీవ్ర లక్షణాలకు గురైనవారు, మరణించినవారు మన దేశంలో ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల బృందం దీనిని పరిశీలించింది. చేదుగా ఉన్న సొరకాయ రసాన్ని తాగరాదని హెచ్చరించిన ఆ నివేదిక 2012లో ప్రచురితమైంది. చేదు సొరకాయను వండినా తినకూడదు. దాని విత్తనాన్ని దాచకూడదు, ఇతరులకు ఇవ్వకూడదు.

విత్తనం మారిన ప్రతిసారీ కారణం పక్క పాదే కానవసరం లేదు. అంగడిలో కొన్న సంకర విత్తనం మొదటి తరంలో ఒకే తీరుగా కాస్తుంది. దాని కాయల నుంచి తీసిన గింజలను నాటితే రెండవ తరంలో తాతముత్తాతల లక్షణాలు విడివిడిగా బయటపడతాయి. పరాయి పుప్పొడి ఏమాత్రం పడకపోయినా ఇలా జరుగుతుంది. కాబట్టి విత్తనం దాచదలచినవారు అది దేశవాళీదో, సంకరమో మొదట తెలుసుకోవాలి.

7. ఇంటి విత్తనాన్ని నిలుపుకొనే పద్ధతులు:

సొర, గుమ్మడి గింజలను పేడలో కలిపి పిడకగా గోడకు కొట్టడం, బూడిద పట్టించి ఎండబెట్టడం, ముదురు బీరకాయను చూరుకు వేలాడదీయడం మన పెద్దల పద్ధతులు. ఇవన్నీ విత్తనాన్ని పురుగు నుంచి, తేమ నుంచి కాపాడతాయి. పుప్పొడి కలయిక నుంచి మాత్రం కాపాడలేవు. ఊరంతా ఒకే రకం దోసను వేసే రోజులలో ఆ అవసరం అంతగా లేదు. పక్క పాదు పుప్పొడి పడినా అది అదే రకానిది. రకాలు పెరిగిన నేటి తోటలలో పువ్వు దశ నుంచే జాగ్రత్త అవసరం.

విత్తనోత్పత్తి క్షేత్రాలలో రకాల మధ్య వందల మీటర్ల ఎడం పాటిస్తారు. తేనెటీగ కిలోమీటరుకు మించి కూడా ఎగరగలదు కనుక పెరటిలో ఆ ఎడం సాధ్యం కాదు. పెరటికి తగిన మార్గాలు ఇవి:

(అ) ఒక జాతి నుంచి ఒకే రకం: విత్తనం కోసం దోస వేసిన ఏడు ఖర్బూజాను వేయకపోవడం అన్నింటికంటే సులభం. కీర దోసను నిరభ్యంతరంగా వేయవచ్చు. ఇరుగుపొరుగు తోటలలో ఏమున్నదో కూడా గమనించాలి.

(ఆ) వేళ మార్చడం: రెండు రకాలు ఒకేసారి పూయకుండా నెలన్నర, రెండు నెలల తేడాతో విత్తడం. మొదటి పాదు విత్తనపు కాయలు నిలిచాకే రెండవది పూతకు రావాలి.

(ఇ) పువ్వుకు ముసుగు: మిరప, వంగ కొమ్మకు మొగ్గ దశలోనే పలుచని గుడ్డ సంచి కట్టాలి. పూత సమయంలో కొమ్మను మెల్లగా కదిలిస్తే లోపలి పుప్పొడితోనే కాయ నిలుస్తుంది. కాయ నిలిచాక సంచి తీసి, తొడిమకు రంగుదారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. బెండలో మరునాడు పూయబోయే మొగ్గ కొసను ముందు సాయంత్రమే దారంతో కడితే సరిపోతుంది.

(ఈ) చేత్తో పుప్పొడి అద్దడం: గుమ్మడిలో మరునాడు విచ్చబోయే మగమొగ్గను, ఆడమొగ్గను ముందు సాయంత్రం దారంతో కట్టాలి. ఉదయం మగపువ్వు రెక్కలు తుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి అద్ది, ఆడపువ్వును తిరిగి మూసి కట్టాలి. సొర, బీరలకు మొగ్గలను మధ్యాహ్నం కట్టి సాయంత్రం ఈ పని చేయాలి. ఒకే రకానికి చెందిన రెండు మూడు పాదులుంటే ఒకదాని పుప్పొడిని మరొకదానికి అద్దడం మేలు.

విత్తనపు కాయను తీగ మీదే పూర్తిగా ముదరనివ్వాలి. విత్తనాన్ని ఎండబెట్టాక రకం పేరుతో పాటు, ఆ ఏడు పక్కన ఏయే రకాలు పూశాయో కూడా రాసిపెట్టాలి. విత్తనం పుచ్చుకొనేవారికి ఈ సమాచారం విత్తనమంత విలువైనది.

8. పెరటి గట్టు దాటిన ప్రశ్న:

పుప్పొడి ప్రయాణం జాతీయ స్థాయి చర్చకు కారణమైన సందర్భం కూడా ఉంది. 2009 అక్టోబరులో జన్యుమార్పిడి వంగకు నియంత్రణ సంఘం ఆమోదం తెలిపిన తరువాత, అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో బహిరంగ చర్చలు నిర్వహించి, 2010 ఫిబ్రవరి 9న దానిపై తాత్కాలిక నిషేధం ప్రకటించారు. భారతదేశం వంగ వైవిధ్యానికి పెట్టని కోట. మార్పిడి చేసిన వంగ పుప్పొడి స్థానిక రకాలకు, అడవి వంగలకు చేరితే ఏమవుతుందన్నది ఆ చర్చలోని ముఖ్యమైన ప్రశ్నలలో ఒకటి.

మరొక కోణం హక్కులది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనాన్ని దాచుకొనే, తిరిగి విత్తే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును రైతులకు గుర్తించింది. రైతులు కాపాడుకొన్న రకాలను నమోదు చేసుకొనే వీలు కూడా కల్పించింది. అలా నమోదు కావాలంటే ఆ రకం తక్కినవాటి కంటే భిన్నంగా, ఒకే తీరుగా, తరతరానికి నిలకడగా ఉండాలి. అదుపులేని పరపరాగ సంపర్కం దెబ్బతీసేది ఈ లక్షణాలనే. ఒక ఊరి దోస తన రుచిని కోల్పోతే ఆ ఊరి పేరుతో దానిని నిలబెట్టే ఆధారం కూడా పోతుంది.

9. ముగింపు:

1. పక్క పాదు పుప్పొడి ఈ ఏటి కాయ రుచిని మార్చదు. విత్తనాన్ని మారుస్తుంది. మొక్కజొన్న వంటి గింజలను తినే పంటలలో మాత్రం ప్రభావం అదే ఏడు కనిపిస్తుంది.

2. కూరగాయల తెలుగు పేర్లు వాడుకను, ఆకారాన్ని తెలిపినంతగా జాతిని తెలపవు. దోస, కీర దోస కలవవు. దోస, ఖర్బూజా కలుస్తాయి.

3. కూర కోసం మాత్రమే తోట పెంచేవారు ఏ కూరగాయనైనా ఏ కూరగాయ పక్కనైనా నాటుకోవచ్చు. విత్తనం దాచేవారు, పంచేవారు మాత్రం పువ్వు దశలోనే జాగ్రత్త వహించాలి.

4. సొర, దోస కుటుంబంలో చేదు కాయను తినకపోవడం, దాని విత్తనాన్ని నిలపకపోవడం తప్పనిసరి.

5. ప్రాంతాల వారీగా కూరగాయల పేర్లను సేకరించేటప్పుడు పేరుతో పాటు జాతిని, విత్తనం కట్టే పద్ధతిని కూడా నమోదు చేస్తే, ఆ మాండలిక పదకోశాలు భాషాశాస్త్రానికే కాక విత్తన పరిరక్షణకు కూడా ఉపకరిస్తాయి.